ముసలమ్మ ఎక్కిళ్ళు

పోయిన వారం నన్ను డిపార్ట్‌మెంట్ గదిలో వదిలేసి వెళ్ళారు మీరు. టేబుల్ మీద సంతకం పెట్టాల్సిన రిపోర్టు, ఎదురుగా ముక్కు ఎగబీలుస్తూ ఒక పిల్ల, మధ్యలో నేను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. కొత్తగా వచ్చిన వాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేసి ముందుకు నడుస్తాను.

ఇంజనీరింగ్ కాలేజీలో పదకొండేళ్ళుగా పాఠాలు చెబుతున్నాను. ఇనుప కమ్మీని ఎంత లాగితే సాగుతుంది, ఎంత లాగితే తెగుతుంది అన్నది నా సబ్జెక్టు. రెండేళ్ళపాటు కాలేజీ మూతపడి చదువంతా ఆన్‌లైన్‌లో చేసిన బ్యాచ్ ఒకటి, ఆ తర్వాత తరగతి గదిలో కూర్చుని చదువుతున్న బ్యాచ్ ఒకటి. ఈ రెంటినీ పోల్చి ఎవరు బాగా నేర్చుకున్నారో తేల్చమని మేనేజ్‌మెంట్ కమిటీ నా నెత్తిన పెట్టింది. థియరీ మార్కులు వద్దన్నారు. ఇంట్లో పుస్తకాలు తెరిచిపెట్టుకుని రాసిన పరీక్షల్ని ఎవరు నమ్ముతారు? ల్యాబ్ రీడింగులు చూడమన్నారు. కొలతలు అబద్ధం చెప్పవు కదా అన్నారు. నేనూ తలూపాను. చూస్తే ఆన్‌లైన్ పిల్లల రీడింగులే పుస్తకానికి దగ్గరగా ఉన్నాయి, తరగతి గది పిల్లలవే వంకరగా ఉన్నాయి. ఆ మాటే రిపోర్టులో రాసి, పొద్దున కమిటీకి ఒక నకలు పంపాను. నా సంతకంతో అసలుది సాయంత్రం నాలుగింటికల్లా ప్రిన్సిపాల్ గారికి అందితే వచ్చే ఏడాది నుంచి మా ల్యాబ్ ఉండదు. అందులో కమ్మీలు తెంపే యంత్రాన్ని పాత ఇనుము కింద అమ్మేసి, ఆ గదిలో పాఠాలు రికార్డు చేసే స్టూడియో పెడతారు. ల్యాబ్‌తో పాటు దాన్ని చూసుకునే టెక్నీషియన్ కూడా ఇంటికి పోతాడు.

ఆ ముక్కు ఎగబీల్చే పిల్ల వెనక బెంచీ పిల్ల. ల్యాబ్‌లో నేను మార్కులు కోసేశానని వచ్చింది. "యంత్రం ముల్లు పద్దెనిమిది దగ్గర ఆగిపోతుంది మేడమ్. ఆగి, ఒక్కసారిగా ఇరవై ఒకటికి దూకుతుంది. దూకింది కాబట్టి దూకిందని రాశాం" అంది. వేళాకోళమాడుతోందనుకున్నాను. అది వెళ్ళాక దాని బ్యాచ్ వాళ్ళ రీడింగులన్నీ ముందేసుకుని కూర్చున్నాను. నూట తొంభై ఎనిమిది మంది. ఒక్కరి కాగితంలోనూ పంతొమ్మిది లేదు, ఇరవై లేదు. ఆన్‌లైన్ బ్యాచ్ రెండు వందల పన్నెండు మంది. ప్రతి ఒక్కరి కాగితంలోనూ పంతొమ్మిదీ ఉంది, ఇరవయ్యీ ఉంది.

రెండు బ్యాచులకీ యంత్రం ఒక్కటే. ఆ మాట తలకెక్కగానే కాగితాలు పట్టుకుని ల్యాబ్‌కి బయల్దేరాను. ఇక ఇక్కడి నుంచి ఈ వారం కథ.

ల్యాబ్ మా భవనానికి వెనక, రేకుల కప్పు కింద ఉంటుంది. నాలుగేళ్ళుగా దానికి ఇన్‌చార్జిని నేనే, కాగితం మీద. వెళ్ళిన సార్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అవి కూడా గుమ్మం దాకా. నూనె వాసన, తుడుచుకునే నూలు పీచు వాసన కలిసి ముక్కుకి తగిలాయి. మూల ఒక డబ్బాలో తెగిన కమ్మీ ముక్కలు, తెగిన చోట మెడ సన్నబడి ఉన్నవి, నిండుగా ఉన్నాయి. మధ్యలో ఆకుపచ్చ రంగు వెలిసిపోయిన యంత్రం, నా కంటే రెండింతల ఎత్తు. దాని పక్కన గోడ గడియారమంత డయల్. దాని మీద ఎప్పుడో ఎవరో తెల్ల పెయింటుతో "ముసలమ్మ" అని రాశారు. కమ్మీని రెండు దవడల మధ్య బిగించి, తెగేదాకా లాగడం ముసలమ్మ పని.

టెక్నీషియన్‌ని కాలేజీ అంతా బాబాయ్ అంటుంది. వెనక మాత్రం పిల్లలు ముసలమ్మ మొగుడంటారు. ఆయనకీ తెలుసు. ముప్పై ఏళ్ళుగా ఏడాదికోసారి కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టించుకుంటూ ఉన్న మనిషి, పర్మినెంట్ కాకుండానే జుట్టు నెరిసిపోయింది. నన్ను చూసి నూనె డబ్బా కింద పెట్టాడు.

"రండి మేడమ్. దారి తప్పారా?"

"ఒక కమ్మీ బిగించండి బాబాయ్. నేను లాగుతాను."

ఆయన నా ముఖం చూశాడు, నా చేతిలో కాగితాలు చూశాడు. కమ్మీ తెచ్చి దవడల్లో బిగించి, ముక్కలు ఎగిరి మీద పడకుండా ముందున్న జాలీ తలుపు మూశాడు. "జుట్టు ముడేసుకోండి. చక్రం నెమ్మదిగా తిప్పండి. ముల్లు మీదే కళ్ళుండాలి" అన్నాడు. పిల్లలకి చెప్పే గొంతుతోనే చెప్పాడు, అందుకే నాకు సిగ్గేసింది.

మోటారు మొదలవగానే నేల లోంచి సన్నటి వణుకు కాళ్ళలోకి ఎక్కింది. చక్రం తిప్పుతూ ఉంటే ముల్లు కదిలింది. పది, పన్నెండు, పదిహేను. పిల్లలాటలా అనిపించింది కాసేపు. పదిహేడు, పద్దెనిమిది. అక్కడ ముల్లు ఆగింది. నా చేయి తిరుగుతూనే ఉంది, నేల వణుకుతూనే ఉంది, ముల్లు మాత్రం కదలదు. ఏదో విరిచేశానని చేయి తీసేయబోయాను.

"తీయకండి. తిప్పుతూనే ఉండండి" అన్నాడు బాబాయ్ వెనక నుంచి.

లోపల ఎక్కడో టిక్కుమంది. చూసేసరికి ముల్లు ఇరవై ఒకటి మీద ఉంది. అక్కడి నుంచి మళ్ళీ బుద్ధిగా పైకి వెళ్ళింది. చివరికి కమ్మీ సాగి సాగి ఫెడేలున తెగితే ఇంత ఎత్తున ఎగిరిపడ్డాను. పదకొండేళ్ళుగా బోర్డు మీద ఈ కమ్మీని తెంపుతున్నాను నేను. అది తెగినప్పుడు చప్పుడవుతుందని ఒక్కనాడూ చెప్పలేదు పిల్లలకి. చెప్పడానికి నాకు తెలిస్తే కదా.

"ఎన్నాళ్ళ నుంచి ఉంది ఈ ఎక్కిళ్ళ జబ్బు?"

"పంతొమ్మిదేళ్ళు. డయల్ లోపల పళ్ళ చక్రం ఉంటుంది, అందులో పళ్ళు కొన్ని అరిగాయి. మార్చమని మూడుసార్లు రాశాను. పని నడుస్తోందిగా అన్నారు." నూలు పీచుతో చేతులు తుడుచుకున్నాడు. "ఏ బ్యాచ్ వచ్చినా మొదటి రోజే చెప్తాను, పద్దెనిమిది దగ్గర ఎక్కిళ్ళొస్తాయి, కంగారుపడి చేయి తీయకండి, వచ్చింది వచ్చినట్టు రాయండి అని. పదేళ్ళ తర్వాత దారిలో కనపడ్డవాడు కూడా ముసలమ్మకి ఎక్కిళ్ళు తగ్గాయా బాబాయ్ అంటాడు. నా పేరు గుర్తుండదు వాళ్ళకి, ఎక్కిళ్ళు గుర్తుంటాయి."

వచ్చింది వచ్చినట్టు రాసినందుకే నేను ఆ వెనక బెంచీ పిల్లకి మార్కులు కోశాను. దాన్ని ఒక్కదాన్నే కాదు, బ్యాచ్ మొత్తాన్ని. పుస్తకంలో గీత తిన్నగా ఉంది కాబట్టి పిల్లలు కూడా తిన్నగా ఉండాలనుకున్నాను.

కాగితాలు బల్ల మీద పరిచాను. "మరి వీళ్ళకి ఎక్కిళ్ళు ఎందుకు రాలేదు బాబాయ్?"

ఆయన కళ్ళజోడు కోసం జేబు తడుముకున్నాడు. పెట్టుకున్నాడు. కాగితం వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదని నాకు అప్పుడే అర్థమైంది.

"మొదటి రోజు అరవై మంది చేరారు మేడమ్ ఫోనులో" అన్నాడు. "ఫోనుని ఆ స్టూలుకి తాడుతో కట్టాను. ఒక చేత్తో చక్రం, ఇంకో చేత్తో టార్చి. ముల్లు కదిలేసరికి వాళ్ళ దగ్గర బొమ్మ ఆగిపోయేది. ఒకడికి ఐదు దగ్గర, ఇంకొకడికి పాతిక దగ్గర. బాబాయ్ కనపడలేదు, బాబాయ్ మళ్ళీ. మళ్ళీ అంటే ఇంకో కమ్మీ తెంపాలి. ఎన్ని తెంపను? చివరికి నేనే పైకి చదవడం మొదలుపెట్టాను. పది, పదకొండు అంటూ."

"పద్దెనిమిది దాకా వచ్చారు. తర్వాత?"

"పంతొమ్మిది, ఇరవై అని చెప్పేశాను."

"లేని నంబర్లు."

"లేనివే."

"ఎందుకు?"

ఆయన ముసలమ్మ వైపు చూశాడు. "అరవై మంది పిల్లలు. వాళ్ళ వెనక అమ్మలు, నాన్నలు, ఎవరెవరో నడుస్తూ కనపడుతున్నారు. ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు లోపల పెద్దావిడ దగ్గుతుంటే మెల్లిగా తలుపు దగ్గరికి వేస్తాం కదమ్మా. అంతే. అందరి ముందు దీని పరువు తీయడం ఎందుకనిపించింది."

మేడమ్ కాస్తా అమ్మా అయింది. ఆయన గొంతులో తడి వచ్చినప్పుడల్లా అలా అవుతుందని తర్వాత గమనించాను. ఒక్క రోజు పొరపాటైతే నేను నవ్వి ఊరుకునేదాన్నేమో. కానీ నా చేతిలో ఉన్నవి రెండు వందల పన్నెండు కాగితాలు, రెండేళ్ళవి.

"మొదటి రోజు సరే. మిగతావి?"

బీరువా తాళం తీశాడు. లోపల పనిముట్ల వెనక నుంచి పొడుగాటి నోటుబుక్కు ఒకటి తీసి నా ముందు పెట్టాడు. అట్ట మీద నూనె వేలిముద్రలు. తెరిచాను. ఒక్కొక్క పేజీకి ఒక రోల్ నంబరు, కింద బాబాయ్ గుండ్రటి చేతిరాతలో రీడింగులు. ఒకరికి పదిహేడు అయితే ఇంకొకరికి పదిహేడుంపావు. ఒకరికి ఒక చోట చిన్న తప్పు, పక్కనే కొట్టేసి దిద్దినట్టు. తప్పులు కూడా ఆయనే చేసిపెట్టాడు పిల్లల తరఫున.

"అందరికీ ఒకటే ఇస్తే కాపీ అని పట్టుకుంటారు కదా" అన్నాడు. "అందుకని తలా కాస్త మార్చి రాశాను. అసలు లెక్క ఎలా వస్తుందో నాకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. కళ్ళు మూసుకుని చెప్పగలను."

అప్పుడు నాకు తెలిసింది. నేను నెల రోజులు కూర్చుని, గీతలు గీసి, సగటులు తీసి పోల్చినవి రెండు బ్యాచులు కానే కాదు. ఒక పక్క నూట తొంభై ఎనిమిది మంది పిల్లలు, ఇంకో పక్క బాబాయ్ ఒక్కడు. ముప్పై ఏళ్ళు ముసలమ్మతో కాపురం చేసిన వాడి ముందు మొదటిసారి చక్రం పట్టుకున్న పిల్లలు ఓడిపోయారు. ఆ ఓటమిని చూపించి నేను, తరగతి గది దండగ, ల్యాబ్ దండగ, బాబాయ్ దండగ అని తీర్పు రాశాను.

కోపం వచ్చింది. ఎవరి మీద కోపమో తేల్చుకోకుండా ఎదురుగా ఉన్న మనిషి మీద చూపించాను.

"మీరేం చేశారో తెలుస్తోందా మీకు? మీ గొయ్యి మీరే తవ్వుకున్నారు. ఈ నోటుబుక్కే లేకపోతే ల్యాబ్ జోలికి ఎవరూ వచ్చేవారు కాదు."

"తెలుసు."

"తెలుసా? ఏం తెలుసు? ఎవరిచ్చారు మీకు ఈ అధికారం? ఎవర్నడిగి చేశారు?"

బాబాయ్ కళ్ళజోడు తీసి నన్ను వింతగా చూశాడు. అందులో భయం లేదు, తప్పు చేసినవాడి తడబాటు లేదు. పసిపిల్ల అడగకూడనిది అడిగితే పెద్దవాళ్ళు చూసే చూపు అది.

"మీరే కదమ్మా."

"నేనా?"

"మీ తమ్ముడి చేత చెప్పించారు కదా. రెండో వారమో, మూడో వారమో. ఫోన్ చేశాడు. బాబాయ్, నేను మేడమ్ వాళ్ళ తమ్ముణ్ణి, లైను సరిగా లేని వాళ్ళకి రీడింగులు మీరే రాసి పంపమంది అక్క, ఈ మాట బయటికి పొక్కనివ్వొద్దంది అన్నాడు. మొదట నేను నమ్మలేదు. కానీ వెనకాల మీ గొంతు వినపడింది. పాఠం చెబుతున్నారు మీరు. ఇంక అనుమానం దేనికి? ఇన్‌చార్జి మేడమ్ చెప్పించారు, చేశాను."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆయన రెండేళ్ళు ఫోను కట్టిన స్టూలు. కాళ్ళకి ఇంకా తాడు ముక్క వేలాడుతోంది.

నా తమ్ముడంటే నా తర్వాత పద్నాలుగేళ్ళకి పుట్టినవాడు. అమ్మ పోయాక నేనే పెంచాను. అన్నం పెట్టింది నేను, లెక్కలు నేర్పింది నేను, ఇదే కాలేజీలో చేర్పించింది నేను. ఆ ఆన్‌లైన్ బ్యాచ్‌లో ఫస్టు వాడే. ఆ మార్కులు చూపించే ఉక్కు కమ్మీల నాణ్యత చూసే ఉద్యోగంలో చేరాడు. వాడి ఫొటో కాలేజీ గోడ మీద ఉంది. పొద్దున్న లోపలికి వచ్చేటప్పుడు రోజూ దాన్ని ఒకసారి చూసుకుని వస్తాను.

మా ఇంట్లో రెండు గదులు. ఆ రెండేళ్ళూ గోడకి ఇవతల కూర్చుని నేను పాఠం చెప్పేదాన్ని, గోడకి అవతల కూర్చుని వాడు వినేవాడు. వింటున్నాడని నేననుకునేదాన్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు పెద్దలు. ఆన్‌లైన్‌లో వినేవాడు ఉన్నాడో లేడో తెలియక చెప్పేవాడే లోకువైపోయాడు. అరవై నల్ల గళ్ళు, ఒక్క ముఖం లేదు. అర్థమైందా అని అడిగితే చాలాసేపు ఏమీ ఉండేది కాదు. ఆ తర్వాత అందరికంటే ముందు "ఎస్ మేడమ్" అని ఒక గడి లోంచి అక్షరాలు వచ్చేవి. వాడిది. ఆ రెండు ముక్కలతో నాకు ఆ రోజంతా కడుపు నిండేది.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి ఇదీ చెబుతాను. ఆన్‌లైన్ వల్ల బాగుపడ్డ పిల్లలూ ఉన్నారు. తరగతిలో నోరు విప్పని వాడొకడు చాట్‌లో నన్ను ప్రశ్నలతో చంపేవాడు. పగలంతా దుకాణంలో పనిచేసే పిల్లొకతె పాఠాన్ని నాలుగుసార్లు వెనక్కి తిప్పి విని, నేను చేసిన తప్పొకటి పట్టుకుంది. తరగతి గదిలో కూర్చున్నంత మాత్రాన అందరూ వింటున్నారనీ కాదు, సుద్దముక్క విసిరి లేపిన వాళ్ళు నాకు కొల్లలుగా ఉన్నారు. కానీ పడుకున్నవాణ్ణి లేపొచ్చు. లేనివాణ్ణి ఎలా లేపను? పుస్తకం అక్కడా వస్తుంది, ఇక్కడా వస్తుంది. పద్దెనిమిది దగ్గర చేయి వణకడం మాత్రం ఇక్కడే వస్తుంది. రిపోర్టులో ఆ మాట పెట్టడానికి నాకు గడి దొరకలేదు. దొరకలేదా, వెతకలేదా?

అక్కడ కూర్చునే ఉండగా ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం పాఠం మధ్యలో గోడ అవతల నుంచి వాడి గొంతు వినపడింది. "పంతొమ్మిదా, ఇరవయ్యా బాబాయ్?" అంటున్నాడు. ప్రయోగం గురించి ఎంత శ్రద్ధగా అడుగుతున్నాడో అని మురిసిపోయాను. చెవుల్లో ఇయర్‌ఫోన్ ఇంకాస్త లోపలికి నొక్కుకుని పాఠం చెప్పుకుంటూ పోయాను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఉత్త ఇన్‌చార్జిని.

"నేను చెప్పలేదు బాబాయ్" అన్నాను. "వాడికి నేనేమీ చెప్పలేదు."

బాబాయ్ వంగి, తెగిన కమ్మీ ముక్కలు రెండూ దవడల్లోంచి తీసి, ఒకదానికొకటి ఆనించి చూసి, డబ్బాలో వేశాడు.

"అయితే ఇంకేం చెప్పకండి" అన్నాడు. "రిపోర్టు పంపించేయండి."

"పంపిస్తే ల్యాబ్ పోతుంది. మీరూ పోతారు."

"నిజం చెబితే ఉంటానా? మోసం చేశాడని మెడపట్టి గెంటుతారు. ఎటైనా పోయేవాణ్ణే. నాతో పాటు రెండొందల పన్నెండు మంది ఎందుకు? ల్యాబ్ మార్కులు కొట్టేస్తే డిగ్రీ ఉండదు వాళ్ళకి. ఎక్కడెక్కడో ఉద్యోగాల్లో చేరుంటారు. ఒక్కొక్కడూ ఫోన్ చేసి థ్యాంక్స్ బాబాయ్ అన్నారమ్మా. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని..." ఆగాడు. "మీ తమ్ముడూ ఉన్నాడు అందులో."

"ముసలమ్మ?"

ఆయన అరచేయి తీసుకెళ్ళి యంత్రం మీద పెట్టాడు. జ్వరం చూసినట్టు పెట్టాడు. "దాని మాట ఎత్తకండి. దాని ఎక్కిళ్ళు దాచినవాణ్ణి నేనే. దాచకపోతే ఇవాళ అవే దాన్ని కాపాడేవి."

నేను ఏడ్చాను. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను, అదీ నూనె మరకల బల్ల మీద తల ఆనించి. రిపోర్టు పంపిస్తే ఏ తప్పూ చేయని పిల్లల బ్యాచ్ మీద చేతకాని వాళ్ళని ముద్ర, ముప్పై ఏళ్ళ మనిషి వీధిలోకి. పంపకుండా నోటుబుక్కు చూపిస్తే నేను పెంచినవాడి డిగ్రీ పోయి, ఉద్యోగం పోయి, గోడ మీద ఫొటో పోతుంది. మూడో దారి కోసం వెతికాను. ఇనుము విషయంలోనే కాదు, ఎక్కడా మూడో దారి ఉండదేమో, సాగడం, తెగడం, అంతే. బాబాయ్ టీ తెచ్చి పక్కన పెట్టాడు. చల్లారిపోయేదాకా దాన్ని చూస్తూ కూర్చున్నాను.

మూడున్నరకి లేచాను. ఒక చేతిలో రిపోర్టు, ఇంకో చేతిలో నోటుబుక్కు. బాబాయ్ వద్దని అనలేదు. నోటుబుక్కు అట్ట మీద దుమ్ము మాత్రం తన చేత్తో తుడిచి ఇచ్చాడు. దారిలో గోడ మీద తమ్ముడి ఫొటో వచ్చినప్పుడు తల తిప్పుకుని నడిచాను. ప్రిన్సిపాల్ గారి గది తలుపు తట్టేదాకా ఏది బల్ల మీద పెడతానో నాకే తెలియదు.

"సరిగ్గా సమయానికొచ్చావమ్మా" అన్నారాయన, ముఖమంతా వెలుగుతూ. "రిపోర్టు అద్భుతంగా ఉందని కమిటీ వాళ్ళన్నారు. నువ్వు పొద్దున పంపిన నకలు చదివారు. ఒక్కాయన మాత్రం మెలిక పెట్టాడు. కాగితం మీద అంకెలు సరే, కళ్ళతో చూస్తే కదా అన్నాడు. మంచిదే కదా, మన బలం మనం చూపిద్దాం. ఆన్‌లైన్ బ్యాచ్ నుంచి ఒకణ్ణి, క్లాసురూమ్ బ్యాచ్ నుంచి ఒకర్ని పిలుద్దాం. కమిటీ ముందే ఆ పాత యంత్రం మీద చెరో కమ్మీ తెంపుతారు. రీడింగులు అక్కడికక్కడే పోల్చేద్దాం. రేపు పొద్దున పదింటికి."

"ఆన్‌లైన్ బ్యాచ్ నుంచి ఎవరండీ?"

"ఎవరేంటి, బ్యాచ్ ఫస్టు మన ఇంట్లోనే ఉంటే? మీ తమ్ముడికి నేనే ఫోన్ చేశాను. వెంటనే ఒప్పుకున్నాడు. బంగారం లాంటి కుర్రాడు. క్లాసురూమ్ బ్యాచ్ నుంచి ఎవర్ని పంపుతావో నీ ఇష్టం. మరీ తెలివైన వాళ్ళని పంపకు సుమా." నవ్వారు. తర్వాత నా చేతి వైపు చూశారు. "అదేంటి, ఆ నోటుబుక్కు?"

బాబాయ్ అరచేయి గుర్తొచ్చింది. తమ్ముడు చిన్నప్పుడు జ్వరమొస్తే రాత్రంతా వాడి నుదుటి మీద పెట్టుకుని కూర్చున్న నా అరచేయి గుర్తొచ్చింది.

"పాత రికార్డండీ. అక్కర్లేనిది" అన్నాను.

రిపోర్టు మీద సంతకం పెట్టి బల్ల మీద పెట్టాను. నోటుబుక్కు గుండెలకి హత్తుకుని బయటికొచ్చాను. వరండాలో వెనక బెంచీ పిల్ల ఒక స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది, నేను మళ్ళీ ఏం చెబుతానో అని పొద్దుటి నుంచి ఎదురు చూస్తూ. దాన్ని చూసి నోరు తెరవబోయాను. చేతిలో ఫోను మోగింది. తమ్ముడి మెసేజులు, ఒకదాని వెనక ఒకటి.

"అక్కా, ప్రిన్సిపాల్ సార్ ఫోన్ చేశారు. పది నిమిషాల పనేగా అని వస్తానన్నాను."

"ఒక్క డౌటు. ఆ మెషిన్ ఆన్ చేసేది ఎక్కడ?"

పిల్ల రెండడుగులు దగ్గరికొచ్చింది. "మేడమ్, ముల్లు సంగతి చూశారా?" అంటోంది. ఫోను మళ్ళీ మోగింది.

"సర్లే, నువ్వు కంగారుపడకు. బాబాయ్‌కి ఫోన్ చేసి రేపటి రీడింగులు ముందే పంపమంటాను. అప్పుడు కూడా నేను బాబాయ్‌ని అడగడం గోడ అవతల నీకు వినపడుతూనే ఉంది కదా, నీకు తెలిసే కదా జరిగింది."